ఇతరములు

సోమవారం నుంచి కాగితం లేదన్నారు.
మూడు కంప్యూటర్లు దిగాయి.
వాటి అట్టపెట్టెలు మధ్యాహ్నానికే పిల్లలకు ఇళ్ళయ్యాయి.

పంతొమ్మిదేళ్ళుగా శ్రీకాకుళంలో, ఈ గదిలో,
పిల్లల మోకాళ్ళు వంచీ చాపీ
నా వేళ్ళకు కండరం తెలుసు, కీబోర్డు తెలీదు.
ఒక్కో అక్షరం కోసం తడుముకుంటుంటే
మా ఆపరేటరు హేమసుందర్, ఇరవై మూడేళ్ళవాడు,
నేను పిల్లలతో అనే మాటే నాతో అన్నాడు:
"మెల్లగా మేడమ్. తొందరేం లేదు. ఇంకొక్కసారి."

చెదలు తిన్నవి పోను
బీరువాలో ఆరొందల ఇరవై ఫైళ్ళు.
తెరిస్తే కొబ్బరినూనె వాసన,
రిటైరైన లీలావతమ్మ గారి వాలు చేతిరాత.
"ఈరోజు కాకిని చూసి మెడ నిలబెట్టింది."
"ఏడ్చాడు. బెల్లం ముక్క పెట్టాక ఒక అడుగు."
"తండ్రి మొదటిసారి వచ్చాడు. బయటే నిలబడ్డాడు."
తెర మీద వీటికి గడి లేదు.
మెడ నియంత్రణ: ఉంది, లేదు, పాక్షికం.
కాకి లేదు.

రావడం మానేసిన పిల్లలకు కారణం ఎంచుకోమంది.
కోలుకున్నారు. మరణించారు. వేరే ఆసుపత్రికి వెళ్ళారు.
చెన్నైలో తాపీపనికి పోతున్న అమ్మ చంకనెక్కి
వెళ్ళిపోయిన పద్మలోచనది ఏ కారణం?
పలాసలో రైలెక్కే ముందు
వాళ్ళ నాన్న ఫోను చేసి అడిగాడు,
"పాప కాలికి కట్టే ఆ జోడు అక్కడ దొరుకుతాదా?"
నొక్కాను: ఇతరములు.
ఆ సాయంత్రానికి
ఇతరములు నూట నలభై.

బుధవారం హిరమండలం బస్సు దిగి
దమయంతి వచ్చింది, భుజాన ఢిల్లేశు.
పుట్టిన తేదీ?
"తిత్లీ తుపాను రాత్రి."
గడి ఎర్రబడింది. చెల్లదంది.
తలుపులు ఊగిపోతుంటే, కరెంటు లేక,
సెల్‌ఫోను వెలుగులో పుట్టిన గుంటడు.
ఏడవడానికి ఎంతసేపు పట్టిందో ఎవరూ రాసుకోలేదు.
ఆ ఆలస్యమే ఇన్నేళ్ళూ
వాడి కాళ్ళలో బిగుసుకుని నా చేతులకు తగులుతోంది.
హేమసుందర్ ఎక్కడో వెతికి
ఆ రాత్రికి ఒక తేదీ కొట్టాడు.

నాలుగు పుస్తకాల్లో చెదిరిన కొలతలు
రెండు గంటలు కూర్చుని ఎక్కించాం.
అప్పుడొచ్చింది గీత.
కుడి మోకాలి బిగువు:
ముప్పై ఆరు, ముప్పై నాలుగు, మళ్ళీ ముప్పై ఐదు
(ఆ నెల వాడికి జ్వరం),
ముప్పై, ఇరవై ఏడు, అక్కడే ఏడాది,
పద్దెనిమిది.
వారం వారం పట్టుకు చూసిన నాకే తెలీదు.
కాగితం మీద ఎప్పుడూ ఆ పూటే కనబడేది.
లీలావతమ్మ గారు ఉంటే చూపించేదాన్ని.

దమయంతి తెర దగ్గరకొచ్చి నిలబడింది.
ముఖం వాడిపోయింది.
"ఇదేటి మేడమ్, ఇలగ దిగిపోతంది?"
డిగ్రీలన్నాను. కోణమన్నాను.
నా మోకాలు వంచి చూపించబోయాను,
అది ఈమధ్య నా మాట వినడం లేదు.
చివరికి ఆమే అంది,
"వంశధారలో వరద దిగినట్టా?"
అవును.
"అలగైతే దిగనీ."

పాత ఫైళ్ళు ఎవరికీ ఇవ్వకూడదని రూలు.
నేను మాటలు కూడగట్టుకునేలోగా
ఢిల్లేశు ఫైలు పాలిథిన్ కవరులో చుట్టి,
కాయలు, మందుసీసా తీసి,
సంచి అడుగున పెట్టేసుకుంది.
"తుపానొస్తే కాయితం తడుస్తాది, కరెంటు పోతాది.
ఏదో ఒకటి మిగల్నీ."

హేమసుందర్ నా వైపు చూశాడు.
నేను కిటికీ వైపు చూసి
ఆమెను బస్సు టైము అడిగాను.